బొగ్గుబాయిల నేలకు పటాల చదువు దండగ కాదు

గోదావరిఖనిలో ఇంటర్ ఫలితాలొచ్చిన వారం ప్రతి క్వార్టర్ ముందూ ఒకే లెక్క నడుస్తుంది. ర్యాంకు బాగుంటే హైదరాబాద్ వెళ్లి కంప్యూటర్ సైన్స్. కాస్త తగ్గితే మైనింగ్ డిప్లొమా, లేదంటే ఐటీఐ. అదీ కాకుంటే సింగరేణి నోటిఫికేషన్ పడేదాకా కోచింగ్. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే డిపెండెంట్ కొలువు. ఈ లెక్కలో ఎక్కడా చోటు దొరకని చదువు ఒకటుంది. అది పర్యావరణ శాస్త్రం, దానితో జతగా నడిచే జియోస్పేషియల్ విద్య. ఉపగ్రహ చిత్రాలు, జీఐఎస్, డీజీపీఎస్, డ్రోన్ సర్వేలతో నేలనూ నీటినీ గాలినీ కొలవడం, కొలిచింది పటంలోకి ఎక్కించడం, ఏటికేడు వచ్చిన మార్పును లెక్క తేల్చడం ఆ విద్య పని. ఏ పిల్లో, పిలగాడో ఆ కోర్సు పేరెత్తితే ఇంటా బయటా ఒకటే మాట: "గది చదివితే ఏమొస్తది బిడ్డా?"

నేను ఖండిస్తున్నది ఆ మాటనే. అది కేవలం తల్లిదండ్రుల భయం నుంచి వచ్చింది కాదు. లెక్చరర్లు, యూనియన్ నాయకులు, కంపెనీ అధికారులు, కోచింగ్ సెంటర్లు అందరూ తలో చెయ్యి వేసి నిలబెట్టిన అభిప్రాయం అది. దానికి నాలుగు కాళ్లున్నాయి. ఒకటి, ఈ చదువుకు కొలువులు లేవు. రెండు, ఇది బొగ్గుకు వ్యతిరేకమైన చదువు, కంపెనీ అన్నం తింటూ కంపెనీనే వేలెత్తి చూపించే చదువు. మూడు, ఇది సులువైన సబ్జెక్టు, మరెక్కడా సీటు రానివాళ్లు చేరేది. నాలుగు, ఫోన్‌లోనే మ్యాపులున్నాయి, ఇక కంప్యూటరే అన్నీ చేస్తుంది, మధ్యలో మనిషెందుకు. ఈ నాలుగూ తప్పే. ఈ తప్పుకు మిగతా ఊళ్లకంటే బొగ్గుబాయిల ఊళ్లు ఎక్కువ మూల్యం చెల్లిస్తున్నాయి. తవ్విన నేలను కొలిచి చదవడం ఈ ప్రాంతంలో తవ్వడమంత పెద్ద పని. ఆ పని ఇక్కడి పిల్లల చేతుల్లో లేకపోతే మన నేల గురించిన చివరి మాట ఎప్పుడూ బయటివాళ్లదే అవుతుంది.

ముందు రెండో మాట తీసుకుందాం, ఎందుకంటే మిగతా మూడింటికి ఊపిరి పోసేది అదే. బొగ్గుకూ ఈ చదువుకూ వైరం ఉందట. చరిత్ర చూడండి. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్. తట్టా చెమ్మస్ పట్టుకున్న కార్మికుడు బాయిలోకి దిగడానికి ముందే రాళ్లను చదివి, పటం గీసిన మనిషి ఒకడు ఈ అడవుల్లో తిరిగాడు. ఇక్కడి బొగ్గు పొరల్లో ఒకదానికి ఇవాళ్టికీ కింగ్ సీమ్ అనే పేరు. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు నమోదయ్యేనాటికి గోదావరి లోయ రాతిపొరల పటాలు ఉన్నాయి. కంపెనీకి నేల శాస్త్రం ముందు పుట్టిన అక్క.

ఇప్పటి మాటకొద్దాం. భూగర్భ గనిలో పటం తప్పితే ప్రాణం పోతుంది. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి పైనున్న పాత పనుల్లో నిలిచిన నీళ్లు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికుల ప్రాణాలు పోయాయి. ఈ ఊళ్లో ఆ రోజు గుర్తులేని ఇల్లు లేదు. నీళ్లు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపుకి వెళ్లాలంటే ముందస్తు అనుమతి కావాలని గనుల నిబంధనలు చెబుతున్నాయి. పాత పని ఎక్కడ ఆగిందో చూపే పటం సరిగా లేకపోతే ఆ 60 మీటర్లను ఎక్కడినుంచి కొలుస్తారు? అందుకే గనికి సర్వేయర్ చట్టం ప్రకారం తప్పనిసరి. పరీక్ష పాసై గనుల భద్రతా డైరెక్టరేట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడే ఆ కుర్చీలో కూర్చోవాలి. జియోస్పేషియల్ విద్య ఆ కుర్చీకి తోబుట్టువే. అలాంటి విద్యను బొగ్గుకు శత్రువని ఎలా అంటారు?

ఓపెన్‌కాస్ట్ గనులు (ఓసీలు) వచ్చాక ఈ బంధం ఇంకా బిగిసింది. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ఓసీ తెరవాలన్నా, విస్తరించాలన్నా ముందు పర్యావరణ అనుమతి తేవాలి. అనుమతి వచ్చాక ఏటా జూన్ 1, డిసెంబర్ 1 తేదీలకు షరతుల అమలు నివేదికలు ఇవ్వాలి. గాలిలో ధూళి ఎంత, బావుల్లో నీటిమట్టం ఎంత పడింది, మట్టిగుట్ట ఎన్ని ఎకరాలకు పాకింది, ఎన్ని ఎకరాల్లో మొక్కలు బతికాయి, ఇవన్నీ అందులో రాయాలి. బొగ్గు శాఖ 2009లో తెచ్చిన గని మూసివేత మార్గదర్శకాల ప్రకారం ఓసీకి హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి హెక్టారుకు లక్ష రూపాయల లెక్కన, ఆనాటి ధరల మీద, ఎస్క్రో ఖాతాలో జమ చేయాలని పెట్టారు. హెక్టారుకు ఇంత అన్నప్పుడు హెక్టార్లు కొలిచేదెవరు? నేలను పూర్వస్థితికి తెచ్చామని కంపెనీ చెబితే తెచ్చారో లేదో తేల్చేదెవరు? కోల్ ఇండియా ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఈ తనిఖీని రాంచీలోని దాని అనుబంధ సంస్థ సీఎంపీడీఐ 2008 నుంచీ ఉపగ్రహ చిత్రాలతో చేస్తోంది. ఈ చదువు లేకుండా ఇవాళ చట్టబద్ధంగా ఒక్క టన్ను బొగ్గు కూడా బయటికి రాదు. దీన్ని కంపెనీ వ్యతిరేక విద్య అనేవాళ్లు కంపెనీ రోజూ చేసే పనినే చూడటం లేదు.

ఇక కొలువుల మాట. ఇది అన్నిటికంటే న్యాయమైన భయం, కాబట్టి దీన్ని పక్కకు నెట్టేయకుండా జవాబు చెప్పాలి. నెలాఖరుకు పే స్లిప్పు అందితేనే పొయ్యి వెలిగే ఇళ్లలో 'జ్ఞానం కోసం చదవండి' అని ఉపదేశించడం అన్యాయం. నేను ఆ మాట అనను. అయితే ఏ లెక్క మీద ఈ చదువును కొట్టేస్తున్నారో ఆ లెక్కనే ఒకసారి తిరగేసి చూడమంటాను.

1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు. ఏటా వచ్చే బొగ్గు 2 కోట్ల టన్నుల అటూ ఇటుగా ఉండేది. 2023-24లో కంపెనీ తీసింది 7 కోట్ల టన్నులు. కాంట్రాక్టు కార్మికులను వదిలేస్తే పర్మినెంట్ ఉద్యోగులు 40 వేల చుట్టుపక్కల. బొగ్గు మూడింతలకు పైగా పెరిగింది, కొలువు సగానికంటే కిందికి పడింది. దీనికి కారణం ఎవరి కుట్రో కాదు. ఉత్పత్తిలో పెద్ద వాటా ఓసీలకు మారింది, ఓసీలో షావెల్, డంపర్ చేసే పనికి వందల చేతులు అక్కర్లేదు. వారసత్వ ఉద్యోగాల పథకం 2017లో కోర్టులో వీగిపోయింది. ఆ తర్వాత మిగిలింది కారుణ్య నియామకాలే. అంటే 'సింగరేణి కొలువు ఖాయం' అన్న పాత నమ్మకమే ఇప్పుడు గాలిలో ఉంది. గాలిలో ఉన్న దాన్ని గట్టి నేల అనుకుని, కొత్త చదువును గాలి కబురు అనడం ఎక్కడి లెక్క?

కొత్త పని ఎక్కడుందో కూడా చెబుతాను. పర్యావరణ అంచనా నివేదికలు తయారుచేసే సంస్థలకు అక్రెడిటేషన్ సంస్థ నాబెట్ గుర్తింపు కావాలి. ఆ గుర్తింపు రావాలంటే భూవినియోగం, గాలి, నీరు, భూగర్భ జలం, జీవావరణం లాంటి ఒక్కో రంగానికి అర్హత ఉన్న నిపుణుణ్ణి చూపించాలి. అవి చట్టం సృష్టించిన కొలువులు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం పటాలు, సర్వేల మీద ఉన్న పాత ఆంక్షలను సడలించింది, 2022 డిసెంబర్‌లో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. 2020లో మొదలైన స్వామిత్వ పథకం ఊళ్ల ఇళ్లస్థలాలను డ్రోన్లతో కొలిచింది. మన రాష్ట్రంలో 2025 భూభారతి చట్టం వచ్చాక లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ మొదలైంది. హైదరాబాద్ బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, షాద్‌నగర్‌లో దాని ఉపగ్రహ డేటా స్టేషన్, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్నాయి. దేశంలో ఈ విద్యకు పుట్టిల్లు లాంటి నగరం మనకు కొన్ని గంటల రైలు ప్రయాణం దూరంలో ఉంది. ఈ కొలువులు లక్షల్లో లేవు, నిజమే. వేల సీట్లు పెట్టి అందరినీ ఇందులోకి తోయమని నేనూ అడగడం లేదు. కానీ కంప్యూటర్ సైన్స్ పట్టా చేతబట్టుకుని అమీర్‌పేట హాస్టళ్లలో ఏళ్ల తరబడి కూర్చున్న మన పిల్లలెందరో మనకు తెలుసు. ఆ దారిలో పోటీ ఎంత ఉందో చూశాక కూడా ఈ దారిని కన్నెత్తి చూడకపోవడం జాగ్రత్త కాదు, అలవాటు.

మూడో మాట, ఇది సులువైన సబ్జెక్టని. ఈ ముద్ర ఎలా పడిందో నాకు తెలుసు. 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. ఆ ఆదేశం ప్రకారం యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల కోర్సు పెట్టించింది. ఉద్దేశం గొప్పది. కాలేజీలు దాన్ని ఏం చేశాయో అందరికీ తెలుసు: పరీక్షకు వారం ముందు గైడు కొనుక్కుని, ఓజోన్ పొర గురించి ఐదు పాయింట్లు రాసి, పాసైపోయే పేపర్. ఒక్క బావి దగ్గరికి వెళ్లకుండా, ఒక్క నీటి నమూనా పట్టకుండా ముగిసిపోయే ఆ పేపర్‌ను చూసి మొత్తం శాస్త్రాన్నే తూచారు. తప్పు బోధనది, శిక్ష శాస్త్రానికి పడింది.

అసలు చదువు ఎలా ఉంటుందో ఒక మట్టిగుట్ట పట్టుకుని చూద్దాం. రామగుండం ప్రాంతంలో ఓసీల పక్కన కొండల్లా లేచిన ఓబీ గుట్టలు, అంటే బొగ్గు మీంచి తీసి పోసిన మట్టిగుట్టలు, మనకు కొత్త కాదు. వాటి మీద మొక్కలు నాటారు, గుట్ట పచ్చబడింది అని నివేదిక చెబుతుంది. ఎమ్మెస్సీ మొదటి ఏడాది విద్యార్థికి ఈ మాట నిజమో కాదో తేల్చమని ఇచ్చామనుకోండి. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 ఈ గుట్టను 10 మీటర్ల స్పష్టతతో ఐదు రోజులకోసారి ఫొటో తీస్తుంది, ఆ చిత్రాలు ఉచితం. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుని, కంటికి కనపడని సమీప పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె ఎన్‌డీవీఐ. ఆకు దట్టంగా ఉంటే అంకె ఒకటి వైపు జరుగుతుంది, వట్టి మట్టి అయితే సున్నా దగ్గర ఉంటుంది. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు.

అసలు పరీక్ష ఇక్కడినుంచే. సెప్టెంబర్ చిత్రం తీసుకుంటే గుట్ట నిండా పచ్చదనమే, కానీ అది వానకు మొలిచిన గడ్డి కావచ్చు. గడ్డినీ చెట్టునూ వేరు చేయాలంటే ఏప్రిల్ చిత్రం చూడాలి, గడ్డి అప్పటికి ఎండిపోతుంది. అయితే ఏప్రిల్‌లో టేకు కూడా ఆకు రాల్చి మోడై నిలబడుతుంది. బతికిన టేకు తోట చిత్రంలో చచ్చిన గుట్టలా కనిపిస్తుంది. పక్కనే సుబాబుల్, కానుగ ఉన్న భాగం పచ్చగా వెలుగుతుంది. ఏ వాలు మీద ఏ మొక్క నాటారో తెలియకుండా ఆ అంకెను నమ్మితే నివేదిక ఏదో ఒక వైపు అబద్ధమవుతుంది. అందుకే విద్యార్థి గుట్ట ఎక్కాలి. వాలు కొలవాలి, మట్టి తీసి దాని ఆమ్లగుణం, సేంద్రియ కర్బనం పరీక్షించాలి, పైమట్టిని ముందే తీసి దాచి మళ్లీ పరిచారో లేదో చూడాలి. భౌతిక శాస్త్రం, వృక్ష శాస్త్రం, మృత్తిక రసాయనం, గణాంకాలు ఒక్క గుట్ట మీద కలిసిపోయాయి. దీన్ని సులువంటే మరి కష్టమేది?

ఇంకొకటి. పాత భూగర్భ గనుల మీద నేల కుంగడం ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం వేర్వేరు రోజుల్లో పంపిన అలల దశలో తేడా పట్టుకుని నేల ఎన్ని సెంటీమీటర్లు దిగిందో లెక్కకట్టవచ్చు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసా కలిసి పంపిన నైసార్ పొడవైన ఎల్-బ్యాండ్ అలలు వాడుతుంది కాబట్టి చెట్టూ చేమా ఉన్న చోట కూడా పాత రాడార్లకంటే బాగా పనిచేస్తుంది. మన నేల మీద ఆ ఉపగ్రహం 12 రోజులకోసారి తిరుగుతుంటే, ఆ డేటాను విప్పి చదవగల మనిషి మన ఊళ్లో ఉండాలా వద్దా?

బ్లాస్టింగ్ సంగతి చూడండి. ఇంటి గోడ బీటలిచ్చిందని జనం అంటారు, పరిమితికి లోబడే పేల్చామని యాజమాన్యం అంటుంది. కంపెనీవి కాని మామూలు ఇళ్లకు తక్కువ ఫ్రీక్వెన్సీ కంపనాల్లో సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ ప్రమాణం ఉంది. ఆ కంపనం ఒక్కో విడతలో పేల్చిన మందుగుండు బరువు మీద, ఇంటికీ పేలుడుకూ మధ్య దూరం మీద ఆధారపడుతుంది. ఇంటి అక్షాంశ రేఖాంశాలు, పేలుడు జరిగిన చోటు, సమయం, వైబ్రోమీటర్ రీడింగ్ ఒకే పటంలోకి తెస్తే ఆ గొడవ ఏదో ఒక వైపు తేలిపోతుంది. తేలనంతకాలం నష్టం బీట పడ్డ ఇంటివాడిదే.

నాలుగో మాటకు వస్తే, కంప్యూటరే అంతా చేస్తుందన్నది ఈ మధ్య బాగా పెరిగిన నమ్మకం. చిత్రాన్ని వర్గాలుగా విడగొట్టే పని యంత్రం చేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఏది ఏమిటో దానికి ముందు మనిషి నేర్పాలి, తర్వాత అది చెప్పింది నిజమో కాదో మనిషే నేల మీదికి వెళ్లి చూడాలి. బొగ్గు యార్డు, లోతైన నీళ్లు, ఓసీ గోడ నీడ, ఇవన్నీ చిత్రంలో నల్లగానే ఉంటాయి. జూన్, జూలైల్లో విత్తి చలికాలం దాకా ఏరే పత్తి చేను ఏప్రిల్ చిత్రంలో ఖాళీ నేల. దాన్ని యంత్రం 'బీడు' అంటుంది. పశువులు మేసే నేలను 'నిరుపయోగ భూమి' అంటుంది. ఆ చేనులో ఎవరు ఏం పండిస్తారో తెలిసిన పిల్ల ఆ గడిని తిరిగి దిద్దుతుంది. తెలియనివాడు అలాగే అచ్చుకు పంపిస్తాడు, అదే రేపు నష్టపరిహారం లెక్కకు ఆధారమవుతుంది.

నీటి విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మంథని దగ్గర గోదావరి మీద సుందిళ్ల బ్యారేజీ పూర్తి నీటిమట్టం 130 మీటర్లు. ఎగువన శ్రీపాద ఎల్లంపల్లిది 148 మీటర్లు. 2022 జూలై వరదల్లో మంథని మునిగింది. బ్యారేజీల నుంచి వెనక్కి తన్నిన నీళ్లు ఎంతదాకా వస్తాయన్నది అప్పటినుంచీ రైతులకూ అధికారులకూ మధ్య తెగని వాదన. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఎత్తుల డేటా మీద 130 మీటర్ల గీత గీయడం ఐదు నిమిషాల పని. కానీ ఆ డేటాలో నిలువు పొరపాటు కొన్ని మీటర్లు ఉంటుంది. గోదారి ఒడ్డున చదునుగా ఉండే పొలాల్లో ఒక్క మీటరు తప్పితే గీత ఎన్నో పొలాల అవతలికి జరిగిపోతుంది. డీజీపీఎస్ పట్టుకుని గట్టు గట్టుకూ మట్టం కొలిచినవాడి పటమే కోర్టులో నిలబడుతుంది. ఫోన్‌లో మ్యాపు ఉన్నంత మాత్రాన ఈ పని తెలిసినట్టు కాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను: ఈ పటాలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది. కొత్త ఓసీకో విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజు ఏమవుతుందో చూడండి. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి, కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేయాలి, కలెక్టరో అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించాలి. నిబంధనలు బాగానే ఉన్నాయి. గని చుట్టూ 10 కిలోమీటర్ల వృత్తం గీసి, అందులోని వాగులు, చెరువులు, ఊళ్లు, అడవి, సాగు అన్నీ రంగుల పటాలుగా ఆ నివేదికలో ఉంటాయి. టెంటు కింద కూర్చున్న జనం ఏం మాట్లాడతారు? ఉద్యోగం ఇప్పించమంటారు, భూమికి రేటు పెంచమంటారు, ఊరికి రోడ్డు వేయమంటారు. అన్నీ న్యాయమైన కోరికలే. కానీ నివేదికలో తమ వాగు ఉన్నచోట లేదని, తమ బావుల నీటిమట్టం వానాకాలంలో కొలిచి సంవత్సరమంతటికీ అన్వయించారని, తమ పొలం రంగు తప్పని ఎవరూ చెప్పరు. చెప్పాలంటే ఆ పటం చదవడం రావాలి. చదవడం వచ్చిన మనిషి ఆ టెంటులో ఒక్కరున్నా మాట తీరు మారుతుంది. నినాదానికి అధికారి తల ఊపి ఊరుకుంటాడు. 'మీ పటంలో ఫలానా సర్వే నంబర్ తప్పు, ఇదిగో నేను కొలిచిన బిందువులు' అంటే మినిట్స్‌లో రాసుకుని జవాబు చెప్పి తీరాలి.

పట్నం నుంచి వచ్చిన కన్సల్టెంటు చెడ్డవాడని నేననడం లేదు. అతనికి ఒక సీజన్ సమయమే ఉంటుంది. అతను చూసేది ఆ సీజన్ నేలనే. ఇక్కడ పుట్టిన పిల్ల పదిహేనేళ్లుగా ఆ వాగును చూసింది. ఎండాకాలం ఏ చేతిపంపు ముందు ఎండుతుందో, గాలి ఎటు తిరిగితే కుందనపల్లి బూడిద చెరువు నుంచి బూడిద లేస్తుందో ఆమెకు తెలుసు. అయితే తెలిసినంత మాత్రాన అది సాక్ష్యం కాదు. కొలత, తేదీ, పద్ధతి తోడైతేనే సాక్ష్యం. యూనివర్సిటీ ఇవ్వాల్సింది సరిగ్గా అదే. 1972 నుంచీ ఉన్న ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం. రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరగకముందు ఈ నేల ఎలా ఉండేదో, 2,600 మెగావాట్ల కేంద్రం, బూడిద చెరువులు, ఓసీ గుంతలు ఒక్కొక్కటిగా ఎప్పుడు ఎంత పాకాయో, 2022 నాటికి రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ పలకలు ఎంత మేర పరుచుకున్నాయో మన పిల్లలే ఏడాదివారీగా గీసి పెట్టవచ్చు. కావలసింది ఒక మామూలు కంప్యూటర్, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, నేర్పగల గురువు.

రేపటి సంగతి కూడా ఇదే చెబుతోంది. మేడిపల్లి ఓసీ గుంతలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన ఉంది. బొగ్గు అయిపోయిన ప్రతి గుంతకూ ఇలాంటి ప్రశ్న వస్తుంది: నీళ్లు నింపాలా, మట్టి పూడ్చాలా, చేపలు పెంచాలా, సోలార్ వేయాలా? గుంత గోడ స్థిరంగా ఉందా, నీళ్లు ఎటు ఊరతాయి, వాటి నాణ్యత ఏమిటి అని తెలియకుండా ఏ జవాబూ చెప్పలేం. సింగరేణి బొగ్గు తీసే కాలం ఎన్నేళ్లుంటుందో ఎవరికి వారు లెక్కలు వేసుకోవచ్చు. తీసేసిన నేలను చూసుకునే పని మాత్రం బొగ్గు ఆగిన రోజుకు ఆగదు, ఆ రోజునుంచి పెరుగుతుంది.

కాబట్టి అడగాల్సినవాళ్లను అడుగుతాను. సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ మంథని ఇంజనీరింగ్ కళాశాల 2010 నుంచి ఉంది, అక్కడ మైనింగ్ ఇంజనీరింగ్ చెబుతున్నారు. చుట్టూ గనులున్న ఆ కళాశాల ఈ విద్యకు ప్రయోగశాల కావాలి. కొత్తగూడెంలో ఒకప్పుడు స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన కాలేజీ ఇప్పుడు డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. ఆ పేరు బోర్డుకే పరిమితం కాకూడదు. ప్రతి విద్యార్థికీ ఒక గుట్టో, ఒక చెరువో, ఒక బావుల వరుసో అప్పగించి రెండేళ్లు కొలిపించాలి. గైడు చదివి పాసయ్యే పేపర్‌ను అక్కడ అడుగుపెట్టనివ్వకూడదు. సింగరేణి తన మూసివేత ప్రణాళికల పటాలను, నీటిమట్టాల, గాలి నాణ్యతల రికార్డులను తెలుగులో, అక్షాంశ రేఖాంశాలతో విద్యార్థులకు ఇవ్వాలి. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధి గని బాధిత ప్రాంతాలదే. విద్య, నైపుణ్య శిక్షణ, పర్యావరణం ఆ నిధి ముందు పెట్టుకోవలసిన ఖర్చుల్లోనే ఉన్నాయి. ప్రహరీ గోడలకూ సీసీ రోడ్లకూ పోయే ఆ డబ్బులోంచి ఏటా కొందరు కార్మికుల, భూనిర్వాసితుల పిల్లలకు ఫెలోషిప్ ఇవ్వడం పెద్ద భారం కాదు. కార్మిక సంఘాలు వేతన ఒప్పందాల మీద ఎంత పట్టుబడతాయో ఈ డిమాండ్ మీద అంత పట్టుబట్టాలి.

తల్లిదండ్రులకు చెప్పేది ఒక్కటే. పిల్లలు ఈ కోర్సు అడిగితే మూడు ప్రశ్నలు వేయండి. ఆ కాలేజీలో పనిచేసే ల్యాబ్ ఉందా? నెలకు కనీసం కొన్ని రోజులు పిల్లలను నేల మీదికి తీసుకెళ్తారా? చదువు అయ్యేనాటికి పిల్ల చేత్తో తను చేసిన ఒక పటం, దాని వెనక తను కొలిచిన డేటా ఉంటాయా? మూడింటికీ అవునని జవాబొస్తే ఫీజు కట్టండి. రాకపోతే ఆ కాలేజీని నిలదీయండి, చదువును కాదు.